స్నాప్‌షాట్ నిండుతోందన్న హెచ్చరిక వస్తే ఏం చేయాలి?

ప్రశ్న: మా ఫైనాన్స్ ఆఫీసు లెక్కలన్నీ ఒక లైనక్స్ సర్వర్‌లో ఉన్నాయి. రోజూ రాత్రి 9 గంటలకు 500 జీబీ వాల్యూమ్‌కు 20 జీబీ ఎల్‌వీఎం (లైనక్స్‌లో డిస్కు చోటును వాల్యూమ్‌లుగా పంచే ఏర్పాటు) స్నాప్‌షాట్ తీసి, అందులోంచి బయటి డిస్కుకు బ్యాకప్ వెళ్లేలా సర్వర్ అమర్చిన అబ్బాయి ఏర్పాటు చేశాడు. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. పోయిన నెలాఖరు రాత్రి మాత్రం స్నాప్‌షాట్ 80 శాతం నిండిందని, కాసేపటికి 85 శాతమని, ఆపైన 90 శాతమని హెచ్చరికలు వచ్చాయి. పాత ఫైళ్లు కొన్ని తీసేసినా అంకె తగ్గలేదు. అది పూర్తిగా నిండితే మా లెక్కలు పోతాయా? 20 జీబీని ఎంతకు పెంచాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ లెక్కలు పోవు. ఆ రాత్రి బ్యాకప్ మాత్రం పోయి ఉండవచ్చు.

స్నాప్‌షాట్ అంటే అది తీసిన క్షణాన వాల్యూమ్ ఉన్న రూపం. 500 జీబీ వాల్యూమ్‌కు 20 జీబీ స్నాప్‌షాట్ ఎలా సరిపోతోందో ముందు చూద్దాం. ఆవర్జా పుస్తకంలో ఒక పేజీని దిద్దబోయే ముందు, దిద్దక ముందున్న పేజీని వేరే పుస్తకంలోకి ఎత్తి రాసుకునే గుమాస్తాను ఊహించుకోండి. రాత్రి 9 గంటలకు లెక్క ఎలా ఉందో చూడాలంటే, దిద్దిన పేజీలను ఆ రెండో పుస్తకంలోంచి, దిద్దని పేజీలను అసలు ఆవర్జాలోంచి చదివితే చాలు. మీ 20 జీబీ ఆ రెండో పుస్తకం. ఒక పేజీని రాత్రంతా వందసార్లు దిద్దినా ఎత్తి రాయడం మొదటిసారి ఒక్కసారే జరుగుతుంది కాబట్టి, రోజువారీ వసూళ్ల నమోదు దాన్ని పెద్దగా నింపదు. నెలాఖరున వేలాది ఖాతాలకు వడ్డీ వేసినప్పుడు దాదాపు ప్రతి పేజీనీ దిద్దాల్సి వస్తుంది. హెచ్చరికలు సరిగ్గా ఆ రాత్రే రావడానికి కారణం అదే అయివుండాలి. ఫైళ్లు తీసేస్తే అంకె తగ్గకపోవడమూ ఇందువల్లే. అసలు పుస్తకంలో పేజీ కొట్టేసినంత మాత్రాన రెండో పుస్తకంలో రాసుకున్నది చెరిగిపోదు.

రెండో పుస్తకం నిండిపోతే కొత్తగా దిద్దే పేజీ పాత రూపాన్ని ఎత్తి రాయడానికి చోటుండదు. అప్పుడు సిస్టమ్ అసలు వాల్యూమ్ పనిని ఆపకుండా స్నాప్‌షాట్‌నే చెల్లనిదిగా ప్రకటిస్తుంది. ఆ సమయానికి బ్యాకప్ ఇంకా నడుస్తూ ఉంటే మిగిలిన భాగం చదవడం కుదరదు కనుక, బయటి డిస్కులో సగం ప్రతే మిగులుతుంది. సర్వర్‌లో ఎల్‌వీఎస్ (lvs) కమాండ్ కొట్టి, యాట్రిబ్యూట్స్ (Attr) నిలువు వరుసలో ఐదో అక్షరం చూడండి. అక్కడ క్యాపిటల్ ‘ఐ’ కనిపిస్తే స్నాప్‌షాట్ చెల్లదని అర్థం. దాన్ని తొలగించి కొత్తది తీయడమే మార్గం. ఆ రాత్రి బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

ఇక ఎంతకు పెంచాలన్న ప్రశ్న. దీన్ని డిస్కు పరిమాణాన్ని బట్టి కాక, స్నాప్‌షాట్ బతికున్నంత సేపు జరిగే మార్పులను బట్టి తేల్చాలి. వచ్చే నెలాఖరు రాత్రి ఎల్‌వీఎస్‌లో డేటా శాతాన్ని గంట తేడాతో రెండుసార్లు రాసుకోండి. ఉదాహరణకు 10 గంటలకు 12 శాతం, 11 గంటలకు 20 శాతం ఉంటే, 20 జీబీలో 8 శాతం, అంటే గంటకు 1.6 జీబీ చొప్పున నిండుతోందన్నమాట. బ్యాకప్‌కు 5 గంటలు పడితే 8 జీబీ చాలు. వడ్డీ వేసే గంటలో వేగం పెరుగుతుంది కాబట్టి రెట్టింపు పెట్టుకోవడం నా అలవాటు. ఇదే వేగంతో 80 శాతం హెచ్చరిక వస్తే మిగిలిన 4 జీబీ నిండడానికి రెండున్నర గంటలు పడుతుంది. ఆలోగా బ్యాకప్ ముగుస్తుందనుకుంటే ఏమీ చేయనక్కర్లేదు, ముగియగానే స్నాప్‌షాట్‌ను తొలగిస్తే సరి. ముగియదనుకుంటే, వాల్యూమ్ గ్రూపులో (వాల్యూమ్‌లన్నీ చోటు తీసుకునే ఉమ్మడి నిల్వలో) ఖాళీ ఉన్నంత మేరకు ఎల్‌వీఎక్స్‌టెండ్ (lvextend) కమాండ్‌తో అప్పటికప్పుడే పెంచవచ్చు. వీలైతే వడ్డీ పనినే బ్యాకప్ ముగిశాక జరిపించండి, అసలు పెంచే అవసరమే రాకపోవచ్చు.

అర్ధరాత్రి మేలుకోవడం కుదరని వారికోసం ఎల్‌వీఎం కాన్ఫిగరేషన్ ఫైలులో ఆటో ఎక్స్‌టెండ్ సదుపాయం ఉంది. థ్రెషోల్డ్ (ఎంత శాతం నిండాక పెంచాలో) 70, పర్సెంట్ (ఎంత శాతం పెంచాలో) 20 అని ఇస్తే, 20 జీబీ స్నాప్‌షాట్ 14 జీబీ దాటగానే 24 జీబీకి పెరుగుతుంది. థ్రెషోల్డ్ 100 అని ఉంటే ఆ సదుపాయం పనిచేయనట్టే. చాలా సర్వర్లలో అది అలాగే ఉండిపోతుంది. గ్రూపులో ఖాళీ లేకపోతే ఏ అంకె ఇచ్చినా ఫలితం ఉండదు.

ఒక విషయం మాత్రం సర్వర్ అమర్చిన అబ్బాయిని తప్పకుండా అడగండి: ఇది పాత పద్ధతి స్నాప్‌షాటా, థిన్ పూల్‌లో తీసినదా? పైన చెప్పినదంతా పాత పద్ధతికి వర్తిస్తుంది. థిన్ పూల్‌లో అసలు డేటా, స్నాప్‌షాట్లు ఒకే చోటును పంచుకుంటాయి. పూల్ నిండితే కొత్త రాతలు మామూలుగా 60 సెకన్లు వేచి ఉండి, తర్వాత ఎర్రర్‌తో విఫలమవుతాయి. అక్కడ 80 శాతం హెచ్చరిక మీ నడుస్తున్న లెక్కల గురించే. దాన్ని తెల్లారేదాకా వదిలేయకూడదు.

ప్రశ్న: మ్యాక్‌బుక్‌లో 60 జీబీ పెళ్లి వీడియోలు తొలగించి, ట్రాష్ కూడా ఖాళీ చేశాను. అయినా ఖాళీ పెరగలేదు. వైరస్ ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వైరస్ అనుకోనక్కర్లేదు. మీరు టైమ్ మెషీన్ (మ్యాక్‌లోని బ్యాకప్ సదుపాయం) వాడుతుంటే, అది సుమారు గంటకొకసారి మ్యాక్‌లోనే స్నాప్‌షాట్ తీసి 24 గంటలు ఉంచుతుంది. మీరు తొలగించిన వీడియోలను ఆ స్నాప్‌షాట్లు ఇంకా పట్టుకుని ఉంటాయి. ఒక రోజు ఆగి చూడండి. తొందరైతే డిస్క్ యుటిలిటీలో వ్యూ మెనూ నుంచి ఏపీఎఫ్‌ఎస్ (మ్యాక్ ఫైల్ సిస్టమ్) స్నాప్‌షాట్లను చూపించమని ఎంచుకుని, అక్కడే తొలగించవచ్చు. అయితే ఆ వీడియోలు మరోచోట భద్రంగా ఉన్నాయని, తెరిచి చూసి నిర్ధారించుకున్నాకే ఆ పని చేయండి.