పాత వీధి రూపం పోకుండా ఏం చేయాలి
మీ వీధిలో పాత ఇళ్లు ఒక్కోటే కూల్చేస్తున్నారు, ఎలా ఆపాలి అన్నారు కదండీ, ఒక్కో ఓనర్‌తో విడిగా వాదించి లాభం లేదు. ముందు వీధి మొత్తం ఫోటోలు తీసి ఇళ్ల ఎత్తు, కిటికీల వరస రాసిపెట్టుకుని, ఏరియా అంతటికీ కలిపి రూల్స్ పెట్టమని మునిసిపాలిటీని అడగండి, అమెరికాలో చార్లెస్టన్ నగరం 1931లోనే ఇలాంటి రూల్స్ పెట్టింది. రూల్స్ బయటి రూపానికే ఉండాలి, లోపల బాత్రూం, కిచెన్ కూడా మార్చుకోనివ్వకపోతే ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి!

ఇంకోటి, చాలా ముఖ్యం, సున్నంతో కట్టిన గోడలకి సిమెంట్ ప్లాస్టరింగ్ అస్సలు చేయనివ్వకండి, తేమ బయటికి పోలేక లోపలే ఉండిపోయి ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది, అప్పుడిక కూల్చడమే దారి అంటారు. సున్నం పని తెలిసిన మేస్త్రీని ఇప్పుడే వెతికి పెట్టుకోండి.