చెవిలో కణాలు మళ్లీ పుడతాయా?

ప్రశ్న: మా నాన్న బాలానగర్‌లో ప్రెస్ మిషన్ల మీద పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయన పెట్టే టీవీ సౌండ్ పక్క ఫ్లాట్‌కీ వినిపిస్తోంది. చెవి మిషన్ వద్దంటారు. కణాలను మళ్లీ పెంచే ఇంజెక్షన్ వచ్చిందని వాట్సాప్‌లో చూశారట. దానికోసం ఆగమంటారా డాక్టర్‌గారూ?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఆగొద్దమ్మా. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. శబ్దాన్ని నరానికి అందే సంకేతాలుగా మార్చేవి అందులోని రోమకణాలే. పుట్టుకతో వచ్చేవి సుమారు 15 వేలే. మోతకు పోయినవి మనిషికి తిరిగి రావు. కోడికి మాత్రం వస్తాయని 1980ల్లోనే తేలింది! పక్కనుండే ఆధార కణాలే రోమకణాలుగా మారతాయి. ఏటీఓహెచ్1 అనే జన్యువుతో మన చెవిలోనూ ఆ పని చేయించాలని చూస్తున్నారు. ఎలుక పిల్లల్లో కొంత ఫలించింది. మనుషుల్లో ఎఫ్ఎక్స్-322 అనే ఇంజెక్షన్ మీద బోలెడు ఆశ పెట్టుకున్నారు. 2023లో ఉత్తుత్తి మందు కన్నా మెరుగేమీ కనబడక ఆపేశారు. ఆ ముచ్చట వాట్సాప్‌లో రాదు లెండి! కణాలు మొలిపిస్తామని ఎవరైనా లక్షలు అడిగితే, ఇవ్వకండి.

ముందు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలోనైనా సరే. మిషన్ పెట్టిన కొత్తలో గిన్నెల చప్పుడుకే విసుక్కుంటారు, తీసి డబ్బాలో పడేస్తారు. మొదట ఇంట్లో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు పెట్టించండి. కొన్ని వారాల్లో అలవాటవుతుంది. మిషన్‌కీ అందనంతగా వినికిడి తగ్గితే, ఆపరేషన్ చేసి అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. అది రోమకణాలతో పనిలేకుండా నేరుగా నరానికే సంకేతాలు పంపుతుంది. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం, గులిమి అనుకుని నూనె పోయకుండా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.