కొత్త కీలు డాక్టరు పెడతారు, కండబలం మనమే తెచ్చుకోవాలి

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. మాది హిందూపురం దగ్గర పల్లె, రెండేళ్లుగా అమ్మ బెంగళూరులో, మారతహళ్లిలో నా దగ్గరే ఉంటోంది. కుడి తుంటి కీలు పూర్తిగా అరిగిపోయింది, మార్చాల్సిందే అన్నారు. ఆపరేషన్‌కి ఇంకా 7 వారాల టైముంది. ఈలోపు వ్యాయామాలు చేయించండి అని ఒక్క మాట చెప్పి పంపేశారు. అమ్మేమో "ఎటూ తీసేసి కొత్తది పెడతారు కదా, అరిగినదాన్ని ఇంకా అరగదీసుకోవడం ఎందుకు" అని మంచం దిగడం లేదు. నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: అమ్మా, మీ అమ్మగారు అడిగిన ఈ మాట నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు, అడగడంలో తప్పు కూడా లేదు. కానీ ఆపరేషన్‌లో మారేది కీలు మాత్రమే. తొడ ఎముక పైనున్న గుండ్రటి తల తీసేసి కొత్తది పెడతారు, అది తిరిగే గిన్నెలో కొత్త గిన్నె అమరుస్తారు. దాని చుట్టూ ఉన్న పిరుదు కండ, తొడ కండ మాత్రం పాతవే, ఆపరేషన్ ముందు రోజు ఎంత బలంగా ఉన్నాయో అంతే బలంతో, నిజానికి కోత వల్ల ఇంకొంచెం తగ్గి, మర్నాడు పని మొదలుపెట్టాలి. చాలా ఆసుపత్రుల్లో అదే రోజో మర్నాడో వాకర్ ఇచ్చి నిలబెట్టేస్తున్నారు. ఆ పూట ఆవిడను మోసేది ఎడమ కాలు, రెండు చేతులు. ఈ 7 వారాలూ మంచం మీదే గడిపితే అవి కూడా నీరసించిపోతాయి.

ఇంకా అరుగుతుందేమో అన్న భయం పెట్టుకోకండి. నొప్పి ఉందని కదలడం మానేస్తారు, మానేస్తే కండ తగ్గుతుంది, కండ తగ్గితే కీలు మీద భారం ఎక్కువై నొప్పి పెరుగుతుంది. ఈ రోజు ఇంటికెళ్లాక ఆవిడ రెండు తొడలూ పక్కపక్కన చూడండి, కుడిది సన్నబడి కనిపిస్తుంది చాలామందికి. సోఫాలోంచి ఎలా లేస్తున్నారో కూడా గమనించండి, టీపాయ్ పట్టుకునో మీ చెయ్యి లాగో లేస్తున్నారంటే మన పని అక్కడే మొదలవ్వాలి.

చేతులున్న గట్టి కుర్చీ ఒకటి, మరీ కిందకి లేనిది, గోడకి ఆనించి వేయండి. కూర్చుని లేవడం, అంతే. మొదట్లో కుర్చీ చేతులు పట్టుకుని 5 సార్లు, వారం తిరిగేసరికి 10 సార్లు, రోజుకి రెండు పూటలా. కూర్చునేటప్పుడు దబ్బున పడిపోకుండా నెమ్మదిగా దిగాలి, కండకి అసలు పని అక్కడే దొరుకుతుంది. అదే కుర్చీలో కూర్చుని చేతులతో కుర్చీ చేతుల్ని కిందికి నొక్కుతూ ఒళ్లు కొంచెం పైకి లేపమనండి, ఇది వాకర్ మీద బరువు మోపడానికి కావలసిన చేతి బలం, అందరూ వదిలేసేది కూడా ఇదే. మంచం మీద పడుకుని మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, ఆ టవల్‌ని నొక్కి 5 అంకెలు లెక్కపెట్టి వదలాలి, ఇది తొడ కోసం. పిరుదుల్ని బిగించి వదలడం, రెండు మోకాళ్లూ మడిచి నడుము కొద్దిగా పైకెత్తడం, పాదాలు పైకీ కిందికీ ఆడించడం, ఇవన్నీ పడుకుని చేసేవే. నిలబడి చేసేది ఒకటి, వంటగట్టు పట్టుకుని కాలు పక్కకి తీయడం. జయనగర్‌లో నేను చూసిన ఒక రిటైర్డ్ టీచర్ కుక్కర్ ఒక విజిల్‌కీ ఇంకో విజిల్‌కీ మధ్య ఇదే చేసేవారు, పప్పు ఉడికేలోపు ఆవిడ వ్యాయామం అయిపోయేది. విడిగా టైము పెట్టుకోమంటే ఎవరూ పెట్టుకోరు, అందుకే ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

నొప్పి సంగతి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండటం మామూలే, ఆ రాత్రికి సర్దుకుంటే పర్వాలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి ముందుకంటే ఎక్కువగా ఉంటే మానేయొద్దు, సగానికి తగ్గించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, ఒక పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది కనిపించినా ఆపి వెంటనే డాక్టరుకి చూపించాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉంటే మొదలుపెట్టేముందే ఏవి చేయొచ్చో అడగండి, షుగర్ అదుపులో లేకపోతే ఆపరేషనే వాయిదా పడొచ్చు.

నడక మాన్పించకండి. మన ఫుట్‌పాత్‌ల మీద పలకలు ఎక్కడ లేచి ఉంటాయో తెలియదు కాబట్టి అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనే 5 నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. ఆదివారం లాల్‌బాగ్ తీసుకెళ్తే చదునైన దారిలోనే, ఆ బండ ఎక్కించొద్దు. చేతికర్ర ఉంటే అది ఎడమ చేతిలో ఉండాలి, అంటే నొప్పి లేని వైపు. నూటికి తొంభైమంది నొప్పి వైపే పట్టుకుంటారు, నేను చూసినంతలో. కుడి పాదం ముందుకి వేసినప్పుడు ఎడమ చేతి కర్ర కూడా నేలకి ఆనాలి, అప్పుడు అరిగిన తుంటి మీద భారం తగ్గుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

ఇంత చేస్తే ఫలితం ఉంటుందా అంటారా? అమెరికాలో 2006లో అచ్చయిన ఒక పరిశీలనలో తుంటి, మోకాలి మార్పిడికి ముందు 6 వారాలు నీళ్లలోనూ నేల మీదా వ్యాయామం చేయించారు, అలా చేసినవాళ్లలో ఎక్కువమంది ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి పునరావాస కేంద్రంలో చేరాల్సిన అవసరం లేకుండా నేరుగా ఇంటికి వెళ్లారు. ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి, నెలలు గడిచేకొద్దీ చేసినవాళ్లకీ చేయనివాళ్లకీ తేడా తగ్గిపోతుంది. కానీ ఆ మొదటి వారాల్లో బాత్‌రూమ్‌కి తనంతట తాను వెళ్లి రాగలగడం 69 ఏళ్ల మనిషికి చిన్న విషయం కాదు, మీకూ కాదు.

ప్రశ్న: నాకు 74. రోజూ కింద బాసింపట్టు వేసుకుని గంటసేపు పూజ చేసుకుంటాను. తుంటి మార్చాక ఇక కింద కూర్చోకూడదట, మనసొప్పుకోవడం లేదు. (ఒక పాఠకుడు, కె.ఆర్.పురం)

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోంది. కోత వెనక వైపు నుంచి చేస్తే మొదటి 6 నుంచి 12 వారాలు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు అని సాధారణంగా చెబుతారు, కీలు జారుతుందని. ఏ వైపు నుంచి చేస్తారో, ఆ తర్వాత కింద కూర్చోవచ్చో లేదో మీ సర్జన్‌నే సూటిగా అడగండి. పూజ మానకండి, ఎత్తు పెంచండి. పటాలు బల్ల మీదికి మార్చి ఇవాళ్టి నుంచే కుర్చీలో కూర్చుని చేసుకోండి. బాత్‌రూమ్‌లో గోడకి పట్టుకునే కడ్డీ, కమోడ్ ఎత్తు పెంచే సీటు, హాల్లో కాలి కింద జారే చాపలు తీసేయడం కూడా ఈ వారమే అయిపోవాలి, ఆసుపత్రి నుంచి వచ్చాక వాటి కోసం తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: మా పక్కింటి మామ్మగారు బాత్‌రూమ్‌లో పడి తుంటి విరిగింది. కొన్నాళ్లు వ్యాయామం చేయించి బలం వచ్చాక ఆపరేషన్ చేయిస్తే మంచిదని బంధువులు అంటున్నారు. (ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: వద్దు. పైన చెప్పిందంతా అరిగిన కీలు గురించి. విరిగిన తుంటికి వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ జరగాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం, మంచపు పుళ్లు పెద్దవాళ్లకు ప్రాణం మీదికి వస్తాయి. ఈ జవాబు కోసం ఆగకుండా ఈపాటికే తీసుకెళ్లి ఉంటారనుకుంటున్నాను. ఆసుపత్రిలో ఎదురుచూసే గంటల్లో ఆవిడను గట్టిగా ఊపిరి పీల్చి వదలమనండి, డాక్టరు సరేనంటే రెండు పాదాలూ ఆడించమనండి.