పుస్తకం మీద ఉండే ‘డెమ్మీ 1/8’, ‘క్రౌన్ 1/8’ అంటే ఏమిటి?

1/8 అంటే ప్రెస్సుకు వచ్చిన పెద్ద కాగితంలో ఎనిమిదో వంతు. డెమ్మీ, క్రౌన్ అనేవి ఆ పెద్ద షీటు కొలతల పేర్లు. క్రౌన్ షీటు 15×20 అంగుళాలు, కాబట్టి అందులో ఎనిమిదో వంతు 5×7.5. అంచులు కోశాక ఇంకాస్త తగ్గుతుంది. డెమ్మీ షీటు దానికన్నా పెద్దది. డెమ్మీ 1/8 పుస్తకం దాదాపు 5.5×8.5 ఉంటుంది. మన నవలలు, కథాసంపుటాలు చాలావరకు ఇదే సైజు.

షీటును ఒకసారి మడిస్తే రెండు ఆకులు, అంటే నాలుగు పేజీలు. దీన్ని ఫోలియో అంటారు. రెండుసార్లు మడిస్తే క్వార్టో, మూడుసార్లు మడిస్తే ఆక్టావో: ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. మన ప్రెస్సుల్లో ‘ఒక ఫారం’ అంటే మామూలుగా ఈ పదహారు పేజీలే. చివర్లో కొన్నిసార్లు ఖాళీ పేజీలు మిగలడానికి కారణం కూడా ఇదే. ఫారం నిండలేదన్నమాట.

అసలు తమాషా పేజీల అమరికలో ఉంది. షీటుకు ఒక పక్క 1, 4, 5, 8, 9, 12, 13, 16 పేజీలు, రెండో పక్క మిగతావి అచ్చవుతాయి. కొన్ని తలకిందులుగా కూడా ఉంటాయి. నమ్మకం కుదరకపోతే ఒక కాగితాన్ని మూడుసార్లు మడిచి, కోయకుండానే వరసగా నంబర్లు వేసి విప్పి చూడండి.

మడత అంచులు కోయకుండానే అమ్మిన పాత పుస్తకాలూ ఉన్నాయి. వాటిని చదవాలంటే ముందు చాకు వెతుక్కోవాలి!