ప్రాజెక్టు పనికి పిల్లల చేతికి ఫోన్ ఇవ్వవచ్చా?

తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి ప్రాజెక్టు పేరుతో రోజూ ఫోన్ అడుగుతున్నదని, ఇవ్వాలో వద్దో తేల్చుకోలేకపోతున్నానని రాశారు. ఇవ్వండి. నల్లగొండ జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను. కనిపించిన ప్రతి వాక్యాన్నీ ఎవరు చెప్పారని అడగకుండా నోటుపుస్తకంలోకి ఎక్కించే అలవాటే పిల్లలకు చేటు చేస్తున్నది. ఫోన్లు లేని రోజుల్లోనూ అది ఉండేది. అప్పుడు గైడు చూసి ఎక్కించేవారు.

2019లో మర్రిగూడ వైపు ఒక పల్లె బడిలో ఉన్నప్పుడు "మన ఊరి తాగునీరు" అనే ప్రాజెక్టు ఇచ్చాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు, నడుము వంగిపోయిన పెద్దవాళ్లు ఇప్పటికీ కనిపించే ప్రాంతం కాబట్టి, పిల్లలు ఇంట్లోవాళ్లను అడిగి రాస్తారని ఆశపడ్డాను. వారం తర్వాత ముప్పై నాలుగు పుస్తకాలు నా బల్ల మీదికి వచ్చాయి. ముప్పై రెండింటిలో మొదటి వాక్యం ఒక్కటే. నెట్ సెంటర్‌లో ఎప్పుడో ఫైలుగా ఎక్కించి పెట్టుకున్న వ్యాసాన్ని ప్రింటు తీసి, అందరికీ జిరాక్స్ చేసి ఇచ్చారు. వాటిలో ఒక అమ్మాయి పుస్తకం ఇప్పటికీ కళ్లముందు ఉంది: ముత్యాల్లాంటి దస్తూరి, ఎర్ర స్కెచ్ పెన్నుతో శీర్షికలు, ప్రతి శీర్షిక పక్కనా చదరపు బ్రాకెట్లలో ఒక మాట. "కారణాలు [మార్చు]", "నివారణ [మార్చు]". వాటి కింద స్కేలు పెట్టి గీత కూడా గీసింది.

"మార్చు అంటే ఏందమ్మా?" అని అడిగాను.

"పేపర్ల అట్లనే ఉన్నది సార్" అన్నది.

అది తెలుగు వికీపీడియాలో శీర్షికల పక్కన ఉండే మాట. దాన్ని నొక్కి ఆ భాగాన్ని ఎవరైనా సవరించవచ్చు. ఎవరు ఎప్పుడు సవరించారో పేజీ చరిత్రలో, ఆధారాలేమిటో "మూలాలు" కింద చూసుకోవచ్చు. ఆ పేజీని ఎట్లా చదవాలో చెప్పే మాటనే ఆ పిల్ల అర్థం తెలియకుండా ఎర్ర రంగులో దిద్దింది. దీన్ని ఆమె తప్పు అనలేను, ఎందుకంటే నేను చెప్పలేదు, బడిలో మరెవరూ చెప్పలేదు. కంప్యూటర్ గది ఏడాదిలో సగం రోజులు తాళం వేసే ఉండేది. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే గడువు వచ్చినప్పుడు మాత్రం తెరిచేవారు. అదే జిరాక్స్‌లో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే "నల్లగొండ పద్ధతి" గురించి ఉంది. నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి మన జిల్లా పేరెందుకు వచ్చిందని అడిగితే తరగతిలో ఒక్క చెయ్యి లేవలేదు.

మిగిలిన రెండు పుస్తకాల్లో ఒకటి ఒకటిన్నర పేజీ మాత్రమే. చేదబావి ఎండిపోయాక బోరు నీళ్లు తాగామని, కాళ్ల నొప్పులు ఆ తర్వాతే మొదలయ్యాయని, ఇప్పుడు నల్లాకు కృష్ణా నీళ్లు వస్తున్నాయని ఒక అబ్బాయి రాసి, కింద "మా నాయనమ్మ చెప్పింది" అని పెట్టాడు. బొమ్మలు లేవని అతనికి ఐదుకు మూడు వేశాను. స్కెచ్ పెన్ను పుస్తకానికి ఐదు వేశాను. తర్వాత దిద్దుకున్నాను గానీ, మొదట అట్లా వేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చేందుకు 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ఊసే లేని ఆ జిరాక్స్ ఎప్పటిదో ముప్పై రెండు మందిలో ఒక్కరూ చూడలేదు. ఆ అబ్బాయి రాసినదే నిజమైన ప్రాజెక్టు.

మరుసటిసారి ప్రతి విషయం కింద ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయాలని, నెట్‌లో చూస్తే రెండు చోట్ల సరిచూడాలని చెప్పాను. రెండో రోజే తగువు మొదలైంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని ఒక జట్టు, 1.5 అని ఇంకో జట్టు, ఎవరి ఫోన్ వారు చూపిస్తూ గట్టిగా వాదించుకున్నారు. నేను జవాబు చెప్పకుండా వెతకమన్నాను. భారత ప్రమాణాల సంస్థ 1 మిల్లీగ్రామును ఆమోదయోగ్యమైన పరిమితిగా పెట్టి, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతించిందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది 1.5 అని వాళ్లే పట్టుకొచ్చారు. పాఠం చెప్పి ఉంటే పరీక్ష కాగానే మరిచిపోయేవారు. ఆ తగువును మాత్రం ఇంటర్ చదువుతున్నప్పుడు కూడా గుర్తుచేశారు.

ఇప్పుడు ఏఐ యాప్‌లు వచ్చాయి. నిరుడు ఒక విద్యార్థి తన ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎంతని అడిగితే దశాంశంతో సహా అంకె వచ్చింది. ఏ బోరు నీళ్లు, ఎవరు కొలిచారో కూడా అడగమన్నాను. ఆ సమాచారం తన దగ్గర లేదని, క్షమించమని జవాబు వచ్చింది. ఆ అంకెను విద్యార్థి తన చేతితోనే కొట్టేశాడు.

కాబట్టి ఫోన్ ఇచ్చి, ఒక గంట పక్కన కూర్చోండి. మీకు నెట్ వాడటం రాకపోయినా ఫర్వాలేదు, అమ్మాయి రాసిన వాక్యం మీద వేలు పెట్టి ఇది ఎవరు చెప్పారని అడిగితే చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్లతో మాట్లాడించి, ఆ తర్వాతే ఫోన్ తీయమనండి. పుస్తకాల షాపులో తయారుగా అమ్మే ప్రాజెక్టు చార్టులను మాత్రం దయచేసి కొనివ్వకండి.