బీబీసీ మైక్రో మొరాయిస్తే: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ పాఠశాల స్టోరు గదిలో బయటపడిన బీబీసీ మైక్రోను బాగుచేసి పిల్లల ముందు పెట్టాలనుకుంటున్నానని నువ్వు రాసినది చదివి ఎంతో సంతోషించాను. 1981 చివరలో ఇంగ్లండులోని ఏకార్న్ సంస్థ విడుదల చేసిన ఈ కంప్యూటరు, 1984-85లో బడి పిల్లలకు కంప్యూటరు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన క్లాస్ పథకం ద్వారా మన దేశంలోని పాఠశాలలకు వచ్చింది. మీ బడికి కూడా బహుశా ఆ దారినే చేరి ఉంటుంది. దానిని కాపాడుకోవడం మంచి పని. అయితే ఏళ్ల తరబడి కరెంటు తగలని యంత్రాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టి, వెలుగుతుందో లేదో చూద్దామన్న తొందర మాత్రం దయచేసి పడవద్దు.

ముందుగా పవర్ సప్లై సంగతి చూడాలి. పైమూత తీయడానికి ఫిక్స్ అని రాసి ఉన్న మరలను విప్పు; వెనుకవైపు రెండు, అడుగున రెండు ఉంటాయి. పవర్ సప్లై పెట్టె లోపల, మెయిన్స్ తీగలు వచ్చి కలిసే చోట, పసుపు గోధుమ రంగులో గాజులా కనిపించే రీఫా కంపెనీ కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే భాగాలు) కనబడతాయి. అవి కాగితం పొరలతో చేసినవి. పై తొడుగు కాలక్రమంలో సన్నగా చీలుతుంది, ఆ చీలికల గుండా తేమ లోపలికి చేరుతుంది, ఆ తరువాత ఒకనాడు కంప్యూటరు చక్కగా నడుస్తుండగానే అవి పగిలి గదంతా ఘాటైన పొగతో నింపుతాయి. మన కోస్తా గాలిలోని తేమకు ఈ భయం ఇంకా ఎక్కువ. కాబట్టి చీలికలు కనిపించినా, కనిపించకపోయినా వాటిని మార్చివేయి. ఒకటి 0.1 మైక్రోఫారడ్, మరొకటి 0.01 మైక్రోఫారడ్. కొత్తవాటి మీద, మెయిన్స్‌కు అడ్డంగా వేయదగినవని తెలిపే ఎక్స్2 అన్న ముద్ర, 275 వోల్టుల ఏసీ అన్న గుర్తు తప్పకుండా ఉండాలి. మామూలు కెపాసిటరును మెయిన్స్‌కు అడ్డంగా వేయడం ప్రమాదం. హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీలోని గుజరాతీ గల్లీలో అడిగి చూడు. అదే పెట్టెలో ఉండే 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరును కూడా ఆ చేత్తోనే మార్చడం మంచిది, ఎందుకంటే అది ఎండిపోతే సప్లై అసలు మొదలే కాదు.

ఈ పని చేసేటప్పుడు ప్రాణం మీద జాగ్రత్త ఉండాలి. మన 230 వోల్టుల కరెంటును ఆ పెట్టె ముందుగా 300 వోల్టులకు పైబడిన డీసీగా మార్చి ఒక పెద్ద కెపాసిటరులో నిలవ చేస్తుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు అలాగే ఉంటుంది. మీటరు పెట్టి, ఆ వోల్టేజి పూర్తిగా దిగిందని చూసుకున్నాకే వేలు పెట్టు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సీరీస్ బల్బు బోర్డు ద్వారా ఇవ్వు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి హెచ్చరిస్తుంది.

సప్లై నుంచి బోర్డుకు ఏడు తీగలు వస్తాయి: ఎరుపువి మూడు, నలుపువి మూడు, ఊదా రంగుది ఒకటి. ఎరుపు తీగల మీద 5 వోల్టులు, ఊదా తీగ మీద మైనస్ 5 వోల్టులు రావాలి. వాటి స్థానాలు తారుమారైతే చిప్పులు కాలిపోతాయి కనుక విప్పకముందే ఫోటో తీసి పెట్టుకో. బోర్డు మీద బిగించే క్లిప్పులు వదులై నల్లబడటం ఈ యంత్రాలలో చాలా సాధారణం, అందువల్ల కొలత సప్లై దగ్గర కాక బోర్డు మీద, చిప్పు కాళ్ల దగ్గరే తీయాలి. అక్కడ 4.75కూ 5.25కూ మధ్య ఉంటేనే తరువాతి మాట.

ఇక యంత్రం చెప్పేది చెవితో వినాలి. ఆరోగ్యంగా ఉన్న బీబీసీ మైక్రో స్విచ్చి వేయగానే ఒక మందమైన ధ్వని చేసి, వెంటనే దానిని ఆపి, సన్నగా ఒక్కసారి బీప్ అంటుంది. మొదటి ధ్వని సౌండ్ చిప్పు కరెంటు తగలగానే తనంతట తాను చేసేది. దానిని ఆపి రెండవ ధ్వని చేయించేది రోమ్ అనే శాశ్వత మెమరీ చిప్పులోంచి నడిచే ఆపరేటింగ్ సిస్టమ్. కనుక మొదటి ధ్వని ఆగకుండా మోగుతూనే ఉంటే కరెంటు అందుతోందని, ప్రోగ్రాము మాత్రం నడవడం లేదని అర్థం. నా దృష్టిలో ఇంత ఉపయోగపడే గుర్తు ఈ యంత్రంలో మరొకటి లేదు. అసలు శబ్దమే రాకపోతే ముందు సప్లైని, ముఖ్యంగా మైనస్ 5ను మళ్లీ చూడు.

ఆగని ధ్వని వినిపిస్తే బ్రేక్ కీ కిందికి నొక్కుకుపోయి ఉందేమో మొదట చూడు, ఎందుకంటే అది నేరుగా రీసెట్ తీగకు కలిసి ఉంటుంది. తరువాత సాకెట్లలో ఉన్న చిప్పులను ఒక్కొక్కటిగా, రెండు చివరలనుంచీ సమంగా కొద్దిగా ఎత్తి, తిరిగి గట్టిగా కూర్చోబెట్టు. వేడికి, చల్లదనానికి అవి సాకెట్లలోంచి నెమ్మదిగా పైకి జరుగుతాయి, కాళ్లమీద మసి పడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ రోమ్ ఉన్న ఐసీ 51 (ఐసీ పక్కనున్న అంకె బోర్డు మీద చిప్పు స్థానం సంఖ్య), 6502 ప్రాసెసరు, దాని పక్కనుండే 6522 చిప్పు, తెరమీది బొమ్మను తయారుచేసే వీడియో యూఎల్ఏ చిప్పు, ఈ నాలుగింటినీ తప్పక చూడాలి. చాలా సందర్భాలలో ఇంతటితోనే యంత్రం లేచి కూర్చుంటుంది.

బీప్ సరిగా వచ్చి తెరమీద అక్షరాలు చిందరవందరగా ఉంటే, కనబడకపోయినా సరే, మోడ్ 0 అని టైపు చేసి రిటర్న్ నొక్కు. తెర శుభ్రపడితే దోషం, స్విచ్చి వేయగానే వచ్చే మోడ్ 7 అన్న తెర అమరికలో అక్షరాలను గీసే ఎస్ఏఏ5050 చిప్పుదో, దాని సాకెట్టుదో. లాంగ్వేజ్? అన్న ప్రశ్న కనిపిస్తే బేసిక్ అనే ప్రోగ్రామింగు భాష ఉన్న రోమ్ దొరకడం లేదని అర్థం. ఐసీ 52ను చూడు. 32కే అని రావలసిన చోట 16కే అని వస్తే పై సగం మెమరీని అనుమానించాలి. ఆ మెమరీ చిప్పులు బోర్డుకు సోల్డరు చేసి ఉంటాయి. వాటిని మార్చవలసి వస్తే చిప్పును దక్కించుకోవాలని చూడక, కాళ్లు కత్తిరించి ఒక్కొక్క కాలినీ విడిగా తీసివేయి. చిప్పు మళ్లీ కొనుక్కోవచ్చు, చిరిగిన బోర్డు దారులను అతికించడం చాలా కష్టం.

చిప్పులేవీ ఇప్పుడే తెప్పించవద్దు. ముందు కెపాసిటర్లు మార్చి, బోర్డు మీద రెండు వోల్టేజీలూ కొలిచి, స్విచ్చి వేసినప్పుడు ఏ ధ్వని వచ్చిందో, తెరమీద ఏమి కనబడిందో ఉన్నది ఉన్నట్లుగా రాసి నాకు పంపు. ఏ చిప్పు మార్చాలో వాటిని చూశాక చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య