గుడికి రాలేనివాళ్లని ఎలా ప్రోత్సహించాలి?

"మా చర్చి సంఘంలో ఒక పెద్దావిడ కొన్ని నెలలుగా గుడికి రావడం లేదు. విశ్వాసంలో చల్లారిపోయిందని కొందరంటున్నారు. మళ్లీ రప్పించడం ఎలా?" అని కనిగిరి వైపు నుంచి అడిగారు.

రప్పించడం సంగతి తర్వాత. ఎందుకు రాలేకపోతోందో ముందు తెలుసుకోండి. ఆవిణ్ణి నిలదీయకుండా, ఇంట్లో చూసుకునే కోడలినో కూతురినో అడగండి.

మీ ప్రాంతమైతే నా మొదటి అనుమానం మోకాళ్ల మీదే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకి కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. పల్లె గుళ్లలో కూర్చునేది పట్టాల మీద. కూర్చుంటే లేవలేరు, నలుగురి ముందు ఒకరిచేత లేపించుకోవడం నామోషీ. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు ఆడవాళ్ల వైపు, వాకిలికి దగ్గరగా వేయించండి. ఒక్కటే వేస్తే అందరి కళ్లూ దానిమీదే ఉంటాయి, కాబట్టి నాలుగైదు వేయాలి. మెట్లుంటే ర్యాంపుకి అంగుళం ఎత్తుకి అడుగు పొడవు కావాలి. రెండు మెట్లు కలిపి 12 అంగుళాలుంటే 12 అడుగులు. చోటు లేదని నాలుగడుగుల చెక్క వాలిస్తే చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. దానికన్నా గుమ్మం ముందు పందిరి వేసి, అక్కడో చిన్న స్పీకర్ పెట్టడం నయం.

డయాలసిస్ వాళ్లది వేరే లెక్క. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఒంగోలుకో నెల్లూరుకో పోయొచ్చే ప్రయాణం కలిపితే రోజంతా దానికే. ఆ సాయంత్రం నీరసంగా ఉంటారు, పరామర్శకి మర్నాడు వెళ్లండి. కొబ్బరిబోండాలు, అరటిపళ్లు పట్టుకెళ్లడం మన అలవాటు కదా, వీళ్లకి మాత్రం వద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఆ డబ్బులేవో ఆటో ఖర్చుకి చేతిలో పెట్టండి.

జబ్బు లేకుండా రాలేనివాళ్లూ ఉన్నారు. టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే గది) ఎక్కించాక రోజుల తరబడి మంట చూసుకుంటూ ఉండాలి, వేడి తప్పితే ఆకు రంగు పోతుంది. విడవలూరు, ఇందుకూరుపేట రొయ్యల గుంటల దగ్గర కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేసే మనిషి లేకపోతే నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఆగి రొయ్యలు చస్తాయి. వీళ్లని "లోకంలో పడ్డారు" అనేవాళ్లు ఒక్క రాత్రి ఆ కాపలా కాసి చూడాలి. పది గంటల ఆరాధన వీళ్లకి కుదరదు. గుంట గట్టు మీదకే ఇద్దరు వెళ్లి, ఒక కీర్తన పాడి, ప్రార్థన చేసి రావచ్చు.

ఇక ఇంటికి వెళ్లే పద్ధతి. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అందులో ఒక ఆడమనిషి. ఇరవై నిమిషాలు చాలు. పాట ఆవిణ్ణే కోరుకోమనండి. కానుక సంచీ, చందా పుస్తకం తీసుకెళ్లొద్దు. ఎక్కువగా చెడేది ప్రార్థన దగ్గరే: "ప్రభువా, ఈ బిడ్డ నీ మందిరాన్ని మరిచిపోయింది" అంటూ దేవుడికి చెబుతున్నట్టు ఆవిడకి చురక పెడతారు. దానికన్నా మొహం మీద తిట్టడం నయం. కూడిరావడం మానొద్దనే హెబ్రీ 10:25 చూపించి గద్దించేవాళ్లు 24వ వచనం నుంచి చదవాలి. ప్రేమకీ మంచిపనులకీ ఒకరినొకరు పురికొల్పుకోమనడంతో ఆ వాక్యం మొదలవుతుంది. ఆ పని కూడివచ్చే మనమీదా ఉంది.

వచ్చేముందు ఆవిడకి పని అప్పగించండి: ప్రార్థన చేయడానికి సంఘంలో ముగ్గురి పేర్లు. మళ్లీ వెళ్లినప్పుడు వాళ్ల సంగతి చెప్పండి. అడగకపోయినా చాలామందికి లోపల ఇంకో భయం ఉంటుంది, రిజిస్టర్లో పేరు కొట్టేస్తారేమో, రేపు సమాధుల తోటలో చోటివ్వరేమో అని. పాస్టర్ గారితో మాట్లాడి, పేరు ఉందని ఆవిడకి స్పష్టంగా చెప్పించండి.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇంటికి తీసుకెళ్లి ఇచ్చే సంగతి కూడా పాస్టర్ గారినే అడగండి. 2వ శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాసినదాన్ని బట్టి, కూటానికి రానివాళ్లకి పరిచారకులు రొట్టె, ద్రాక్షారసం ఇళ్లకి తీసుకెళ్లేవాళ్లు, కాబట్టి ఇది కొత్త పద్ధతేం కాదు. పక్షవాతం వచ్చినవాళ్లకి ఇచ్చేముందు, నీళ్లు తాగితే పొలమారుతోందా అని ఇంట్లోవాళ్లని అడగాలి. అవునంటే రసం గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏ మెత్తటి ముద్ద ఎలా మింగగలరో చూసుకునేవాళ్లు చెబుతారు. ఏదిచ్చినా నిటారుగా కూర్చోబెట్టాకే.

ఈస్టర్ ముందు వచ్చే శ్రమల దినాల్లో ఆ ఇంట్లో ఒక కూటం పెట్టొచ్చు, మైకు లేకుండా. టీ, బిస్కెట్లు, కుర్చీల అద్దె స్త్రీల సమాజం పెట్టుకోవాలి. ఖర్చుకి జడిసి వద్దనే ఇళ్లు చాలా ఉంటాయి.

భర్తో అత్తగారో ఒప్పుకోక రాలేని కోడళ్ల ఇంటికి మాత్రం ఇలా గుంపుగా వెళ్లకండి. ఎప్పుడు ఫోన్ చేస్తే ఇబ్బంది ఉండదో ఆ అమ్మాయినే అడిగి, ఆ వేళకే చేయండి.